తోక ముక్క

బరువు చూసే మిషను మీద చిలకమ్మ నిలబడటం ఆదిలక్ష్మమ్మ తెర పక్కనుంచి చూస్తూనే ఉంది. చెప్పులు విప్పమన్నారు, విప్పేసింది. చేతిలో గుడ్డసంచి అమ్మకిచ్చేయమన్నారు, ఇచ్చేసింది. ఇక తీసేయడానికి ఆ పిల్ల ఒంటి మీద ఏముంది గనక? ఊపిరి బిగబట్టి, కళ్ళు గోడకేసి పెట్టి నిలబడింది. లోపల పట్టి ఉంచిన గాలి కూడా తూకంలో కలిసొస్తుందేమోనని ఆశ కాబోలు. మిషను సూది అటూ ఇటూ ఊగి ఊగి ఒకచోట ఆగింది. నర్సు జమాలున్నీసా వంగి చూసింది. నమ్మకం కుదరక పిల్లని దింపి, మళ్ళీ ఎక్కించి చూసింది. అప్పుడు డాక్టరుకేసి తిరిగి ఇంగ్లీషులో ఏదో అంకె చెప్పింది.

అంకె అర్థం కాకపోయినా ఆ గొంతు అర్థమైంది ఆదిలక్ష్మమ్మకి.

డాక్టరు కుర్రాడు, చెడ్డవాడేం కాదు. చిలకమ్మ కింది రెప్ప వేలితో లాగి చూసి, గోళ్ళు నొక్కి చూసి, తల్లిని లోపలికి పిలిచి నిమ్మళంగానే చెప్పాడు. ఉండాల్సిన బరువుకి రెండు కేజీలు తక్కువుంది, ఒంట్లో రక్తం అంతంతమాత్రం. ఇవాళే పనికిరాదని రాసేస్తే మళ్ళీ తిరగరాయడం తన చేతిలో ఉండదు. అందుకని వచ్చే సోమవారం ఇంకోసారి తూస్తాడట. ఈలోగా తిండి బాగా పెట్టమన్నాడు. గుడ్లు, చేపలు, ఆకుకూరలు. బరువు సరిపోతే రక్తానికి మందులిచ్చుకుంటూ పన్లోకి పంపొచ్చట. సోమవారం దాటితే మాత్రం కార్డు వరసలో తరవాతి ఇంటివాళ్ళని పిలుస్తారు.

"మా గుంట నెత్తిమీద కాంక్రీటు గమేళా ఎట్టుకుని పొద్దస్తమానం బల్లెక్కి దిగుతాది బాబూ. ఒంట్లో సత్తువ నేకపోతే అలాగ మోస్తాదేటి?" అంది ఆదిలక్ష్మమ్మ.

మోస్తోంది కాబట్టే ఇలా ఉందమ్మా అని డాక్టరు తరవాతి మనిషిని పిలిచాడు.

ఉక్కు ప్లాంటుకి భూమి పోయిన ఇంటికొక కార్డు, కార్డుకొక ఉద్యోగం. ఆ ఒక్క ఉద్యోగానికీ శ్రీరామ్మూర్తి ఇంటినుంచి ముందు వెళ్ళింది కొడుకు గురునాథరావే. ఆరడుగుల మనిషి. బరువు మిషను ఎక్కితే సూది పరుగెత్తింది. ఛాతీ కొలిస్తే టేపు చాలలేదు. తీరా రంగు చుక్కల పుస్తకం ముందు పెట్టి ఏ అంకె కనబడుతోందో చెప్పమంటే, బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. ఎరుపూ ఆకుపచ్చా ఆ కుర్రాడికి ఒక్కలాగే ఉంటాయట. దీపాలూ జెండాలూ చూసి బతకాల్సిన చోట అలాటి కళ్ళు పనికిరావన్నారు. ఆనాటినుంచి వాడు ఇంట్లో ఎవరి మొహమూ చూడటంలేదు. తండ్రికి వయసు మీరింది. ఇక మిగిలింది చిలకమ్మ.

వరండాలో జమాలున్నీసా చేతులు కడుక్కుంటుంటే ఆదిలక్ష్మమ్మ దగ్గరికెళ్ళి నిలబడింది. పట్నంలో పాతబస్తీ మనిషి, రోజూ రెండు బస్సులు మారి వస్తుంది, విసుక్కోకుండా మాట్లాడుతుంది. కొడుకు కళ్ళు ఇంకోసారి చూడరా, చుక్కల మందేదైనా వేస్తే బాగుపడవా అని అడిగింది ఆదిలక్ష్మమ్మ.

"బాగుపడేది కాదమ్మా. పుట్టుకతో వచ్చింది. అది తల్లి వైపునుంచి వస్తుంది. తల్లికేం తెలీదు, రంగులన్నీ కనబడతాయి. ఆమె కొడుక్కి కనబడవు. మీ నాన్నగారికి ఉండేదేమో?"

ఆదిలక్ష్మమ్మకి పుట్టింటి సంగతి గుర్తొచ్చింది. మిరపతోటలో కోతకి దిగితే పచ్చివీ పండువీ కలిపి కోసేసేవాడు వాళ్ళయ్య. కోతకొచ్చిన ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. చివరికి ఆయన్ని కోత మాన్పించి బస్తాలు కుట్టడానికి కూచోబెట్టారు. చిన్నప్పుడు తనూ నవ్వింది. తన కళ్ళకి ఏ లోపమూ లేదు. లోపం తనలోంచి నడుచుకుంటూ వెళ్ళి కొడుకు కళ్ళలో కూచుంది. తను చేసిందేమీ లేదు, అయినా తనలోంచే పోయింది.

జమాలున్నీసా చెంగుతో చేతులు తుడుచుకుంటూ, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటున్న చిలకమ్మని చూసింది. ఎత్తిపొడుపేం కాదు, మామూలుగానే అడిగింది: "కొడుకేమో తాడిచెట్టంత ఉన్నాడు. ఇద్దరూ ఒక్కింట్లోనే పెరిగారా అమ్మా?"

"ఆడపిల్ల కాదేటమ్మా. సన్నంగానే ఉంతారు. పుటక అలాటిది," అంది ఆదిలక్ష్మమ్మ, కాస్త రోషంగానే.

"కొంత పుటకేలే," అని నర్సు లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట ఆదిలక్ష్మమ్మతో బస్సెక్కి గాజువాక దాకా వచ్చింది, అక్కడ దిగి, భూమి పోయినవాళ్ళకిచ్చిన కాలనీ దాకా నడిచింది. కొంత పుటకట. మిగతాదేమిటో చెప్పి చావొచ్చు కదా!

ఇంటికొచ్చేసరికి శ్రీరామ్మూర్తి అరుగు మీద కూచుని కొబ్బరితాడు పేనుతున్నాడు. ఎద్దులు పోయి ఏడాదైనా పలుపుతాళ్ళు పేనడం మానలేదు ఆ మనిషి. ఉద్యోగానికి కూతురి పేరు రాయించడం ఆయనకి మొదట్నుంచీ ఇష్టంలేదు. రేపు పెళ్ళైతే ఉద్యోగం ఎవడింటికో పోతుందని గొణిగాడు. కానీ కార్డు ఊరికే పోవడం కన్నా అదే నయమని ఒప్పుకున్నాడు. డాక్టరు చెప్పిందంతా విని, తాడు మోకాలికి బిగించి లాగి, తేలిగ్గా అనేశాడు.

"తిండే కదేటి. పెట్టు. ఎవులొద్దన్నారు?"

ఎవరూ వద్దనలేదు. ఆ ఇంట్లో ఆడపిల్లకి పెట్టొద్దని ఏనాడూ, ఎవరూ అన్న పాపాన పోలేదు.

ఆ పూట వడ్డిస్తుంటే ఆదిలక్ష్మమ్మ మొదటిసారి తన చేతిని తను చూసుకుంది. ముందు మొగుడికీ కొడుక్కీ పీటలు. అన్నం కుండలో పైపైన విచ్చుకున్నదంతా వాళ్ళ కంచాల్లోకి. పప్పు గరిటె అడుగుదాకా ముంచి, చిక్కనిది తీసి కొడుక్కి. వాళ్ళు లేచి చేతులు కడుక్కున్నాక కుండ అడుగున అంటుకున్నది గోకి తల్లికూతుళ్ళకి. పప్పు తేట, దాన్లోకి గంజి. చిలకమ్మ తన కంచం తనే తెచ్చుకుని, పొయ్యి పక్కన గొంతుక్కూచుంది. ఇంకాస్త పెట్టనా అంటే చాలమ్మా అంది. ఎప్పుడూ అంతే అంటుంది. అది కడుపు నిండి అన్న మాటో, కుండ చూసి అన్న మాటో ఇన్నేళ్ళలో ఆదిలక్ష్మమ్మ అడిగింది లేదు.

చేపల కూర రోజునా అదే వరస. తల మొగుడికి, పొట్ట ముక్క కొడుక్కి. తోక ముక్క చిలకమ్మకి. తోకలో కండ తక్కువ, వెంట్రుకల్లాంటి ముళ్ళు ఎక్కువ. దాన్ని చిదిపి చిదిపి ముళ్ళేరుకుని తినడంలో ఆ పిల్లది అందె వేసిన చెయ్యి. మా గుంటకి తోక ముక్కంటే ప్రాణం అని ఆదిలక్ష్మమ్మే చుట్టాలందరికీ మురిపెంగా చెప్పుకునేది. ఇప్పుడా మాట తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది, ఎవరిమీదో తెలీకుండా.

మర్నాడు పక్కింటి గురువమ్మని బతిమాలి, రోజుకి రెండు గుడ్లు ఇవ్వడానికి ఒప్పించి, మొదటి రెండూ తెచ్చింది. తీరా తెచ్చాక వచ్చిపడింది చిక్కు. ఆ గుడ్డు పిల్ల కంచంలో ఎలా వెయ్యడం? కొడుకు పక్కనే కూచుంటాడు. ఉద్యోగం పోయి సగం చచ్చి ఉన్నాడు. ఏనాడూ వాడికి పెట్టకుండా ఇంట్లో గుడ్డు ఉడికింది లేదు. ఇప్పుడు వాడి ముందు చెల్లెలికి పెట్టి, వాడికి ఉత్త పులుసు పొయ్యడమంటే, నువ్వు దేనికీ పనికిరావురా అని మొహానే చెప్పినట్టు కాదూ? మొగుడు చూస్తే మాత్రం ఏమనుకుంటాడు? ఇద్దరికీ చెరి సగం పెడదామా అంటే తూకానికి సగం చాలదాయె.

అందుకని దొంగతనం మొదలుపెట్టింది. అన్నం ఉడికే కుండలోనే గుడ్లు వేసి, గంజి వార్చే ముందు గరిటెతో తీసి, పెంకులు పొయ్యిలో పడేసేది. గుడ్లు రెండూ తువ్వాలులో మూటకట్టి, పనికి బయల్దేరే పిల్ల చేతిలో పెట్టి గొంతు తగ్గించి చెప్పేది.

"పనికాడ తినీ. నేదంటే సాయంకాలం సాల ఎనకాల కూకుని తినీ. ఎవులికీ సూపించకు."

చిలకమ్మ తల ఊపింది. ఎందుకు దాచాలని అడగలేదు. ఆడపిల్ల తినేది దాచుకుని తినాలనేది ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేని సంగతి. ఆదిలక్ష్మమ్మ చేసిన తప్పల్లా అలా దాచమనడమే. ఆమెకి మాత్రం అది గొప్ప ఉపాయంలాగే తోచింది.

పని మానిపించి కూచోబెడదామంటే మేస్త్రీ జగ్గారావు ఒప్పుకోడు. ఒక్కరోజు ఎగ్గొడితే ఇంకో పిల్లని పెట్టేసుకుంటాడు. రేపు ఈ ఉద్యోగమూ రాకపోతే ఉన్నదీ పోతుంది. కాబట్టి తల్లీ కూతుళ్ళిద్దరూ పన్లోకి వెళ్ళారు. తల్లి ఇసక జల్లెడ దగ్గర, కూతురు పునాది కాంక్రీటు దగ్గర.

జల్లెడ ఊపుతూ ఆదిలక్ష్మమ్మ ఆ వారమంతా దూరంనుంచి కూతుర్నే చూసింది. మగవాళ్ళు పారలతో కాంక్రీటు తోడి గమేళాలో వేస్తారు. ఇద్దరు మగవాళ్ళు చెరోపక్కా పట్టి ఆ గమేళాని ఆడపిల్ల నెత్తికెత్తుతారు. ఎత్తడానికి ఇద్దరు కావాలి, మొయ్యడానికి మాత్రం ఒక్కతే. చిలకమ్మ చుట్టకుదురు సర్దుకుని, మెడ బిగించి, ఊగే బల్లల మీదుగా పైకెళ్ళి గుమ్మరించి వస్తుంది. సిమెంటు నీళ్ళు చెవి వెనకనుంచి కారి మెడ మీద ఎండి తెల్లగా చారలు కడతాయి. ఒక పిల్ల పార పట్టుకుని తనూ తోడతానంటే జగ్గారావు నవ్వి, పార మగోడి పనే, ఆడదానికి అంత బలం ఎక్కడిదే అన్నాడు. అందరూ నవ్వారు. ఆడవాళ్ళూ నవ్వారు. ఆదిలక్ష్మమ్మ కూడా అలవాటుగా నవ్వబోయి, గమేళాకేసి ఒకసారి, పారకేసి ఒకసారి చూసి, నవ్వు మింగేసింది.

మధ్యాహ్నం కూతుర్ని కలిసినప్పుడల్లా తిన్నావా అని కళ్ళతోనే అడిగేది. సాయంకాలం తింటానని పిల్ల సైగ చేసేది. సాయంకాలం చీకటి పడబోయే వేళకి తువ్వాలు మూట పట్టుకుని చిలకమ్మ ఖాళీ పశువులసాల వెనక్కి వెళ్ళడం ఆదిలక్ష్మమ్మ పొయ్యి ముందునుంచి చూసేది. చూసి, అమ్మయ్య అనుకుని నిప్పు ఎగదోసేది. శనివారం నాడు పిల్ల బుగ్గలు కాస్త నిండాయని కూడా అనిపించింది. తల్లి కళ్ళకి ఏమైనా కనబడుతుంది.

సోమవారం పొద్దున్నే రెండు అరటిపళ్ళు దగ్గరుండి తినిపించి, చెంబెడు మజ్జిగ తాగించి మరీ తీసుకెళ్ళింది.

చెప్పులు విప్పింది చిలకమ్మ. మిషనెక్కింది. సూది ఊగింది. ఊగి ఊగి, పోయిన వారం ఎక్కడ ఆగిందో ఇంచుమించు అక్కడే ఆగింది. జమాలున్నీసా ఈసారి రెండోసారి ఎక్కించలేదు. డాక్టరు అంకె విని తల్లికేసి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఒక్క వారం తిండి పెట్టలేకపోయారా అన్నట్టుంది అంతే. కాగితం మీద ఏదో రాసి సంతకం పెట్టేశాడు. బయటికొస్తుంటే నర్సు చిలకమ్మ భుజం మీద చెయ్యి వేసింది. తలుపు దాకా వచ్చి వెనక్కి మళ్ళింది.

బస్సు దిగి ఇద్దరూ కాలనీ దారి పట్టారు. మట్టి లారీలు పక్కనుంచి పోతుంటే ఎర్ర దుమ్ము ఇద్దరి మీదా పడుతోంది. తుమ్మచెట్టు దగ్గర ఆదిలక్ష్మమ్మ ఆగిపోయి అడిగింది.

"గుడ్లేటి సేసినావే?"

చిలకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. అబద్ధం ఆడటం ఆ పిల్లకి రాదు.

"అన్నకెట్టీసినాను."

"ఆడడిగినాడేటి?"

"అడగనేదమ్మా. సాల ఎనకాల ఆడొక్కడే కూకుని ఉన్నాడు, మొకం ఇంతైపోయి. నాను తిందామనే ఇప్పినాను. ఆడు సూత్తంటే గొంతు దిగనేదు. ఎన్నడైనా ఆడికెట్టకుండా తిన్నానేటి నాను?"

"ఎట్టితే ఏటన్నాడు?"

"ఏటీ అన్నేదు. తిన్నాడు."

ఆదిలక్ష్మమ్మకి ఒక్కసారిగా కొడుకు మీద కోపం తన్నుకొచ్చింది. ఇంతెత్తు మనిషి, ఇరవై రెండేళ్ళవాడు, గుడ్డు చేతిలో పెడితే ఎవరిదని అడగక్కర్లేదా? ఆ కోపంతోనే పది అడుగులు గబగబా వేసింది. తరవాత కాళ్ళు వాటంతటవే నెమ్మదించాయి. అడగడం వాడికెవరు నేర్పారు? పాలపళ్ళప్పట్నుంచి ఎదురుగా వచ్చి పడ్డదల్లా వాడిదే అయింది. తెచ్చి పడేసిన చెయ్యి తనది. ఈ పిల్లకి గొంతు బిగపట్టుకోవడం నేర్పింది కూడా ఆ చెయ్యే. కొడుకు కళ్ళలోది తన రక్తంలోంచి వచ్చింది, దాన్ని ఆపడం తనవల్ల అయ్యేది కాదు. కూతురి ఒంట్లోది రక్తంలోంచి రాలేదు. గరిటెలోంచి వచ్చింది, పూటపూటా, తన కళ్ళముందే. నర్సు చెప్పకుండా మింగేసిన రెండో సగం ఇదే. దారిపొడుగునా ఆదిలక్ష్మమ్మ ఏడుస్తూనే నడిచింది. కూతురు ఓదార్చబోతే చెయ్యి విదిలించి కొట్టింది.

ఇంటి ముందు శ్రీరామ్మూర్తి తాటాకు ఈనెకి గుచ్చిన బొచ్చె చేప పట్టుకుని నిలబడి ఉన్నాడు. మంచి కబురు వస్తుందని గాజువాక వెళ్ళి తెచ్చాడు. పెళ్ళాం మొహం చూశాడు, కూతురి మొహం చూశాడు. చేపని అరుగు మీద పెట్టి, తాడు పేనుకోడానికి వెళ్ళిపోయాడు.

తెచ్చిన చేప పారేస్తారా? ఆదిలక్ష్మమ్మ బూడిద రాసి పొలుసు తీసింది. కత్తిపీట ముందేసుకుని తల, పొట్ట, నడుము, తోక ముక్కలు కోసింది. చింతపండు పిసికి పులుసు పెట్టింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, మనసు ఆ మిషను సూది దగ్గరే ఉంది. కూర దించాక అలవాటు చొప్పున రెండు పీటలు వాల్చింది. మగవాళ్ళిద్దరూ వచ్చి కూచున్నారు. చిలకమ్మ పొయ్యి పక్క గోడకి జారబడి కూచుంది, తన వంతు వచ్చేదాకా.

అన్నం పెట్టింది. మొగుడికి తల వేసింది. గరిటె మళ్ళీ కుండలో ముంచి, పొట్ట ముక్క తీసి కొడుకు కంచంలో వేసింది.

వేశాక చూసుకుంది.

దారిపొడుగునా ఏడ్చిన ఏడుపు దారిలోనే ఉండిపోయింది. చెయ్యి మాత్రం ఇంటికొచ్చి తన పని తను చేసేసింది. ఎవరూ గమనించలేదు. గమనించడానికి అక్కడ కొత్తగా జరిగిందేముంది? గురునాథరావు ముద్ద కలుపుతున్నాడు.

ఆదిలక్ష్మమ్మ గరిటె కింద పెట్టింది. వంగి, కొడుకు కంచంలో చెయ్యి పెట్టి, పొట్ట ముక్క పట్టుకుంది. వాడు ఉలిక్కిపడి, పసిపిల్లాడిలా అరచెయ్యి కంచానికి అడ్డం పెట్టాడు.

"మతిగాని పోయిందేటే?" అన్నాడు శ్రీరామ్మూర్తి. "తినే కంచంలోంచి తీత్తావేటి?"

"పెట్టిన సెయ్యి నాదే. తీత్తన్నదీ నానే," అంది ఆదిలక్ష్మమ్మ. గొంతు పెద్దది చెయ్యలేదు. "సెయ్యి తియ్యి నాయినా."

గురునాథరావు తల్లి మొహంలోకి చూశాడు. ఉద్యోగం పోయింతరవాత ఇంట్లో ఒకరి మొహం చూడటం ఇదే మొదలు. మెల్లిగా చెయ్యి తీశాడు. గోడ దగ్గరున్న చెల్లెలికేసి చూసి, మళ్ళీ తల్లికేసి చూసి అడిగాడు.

"ఆ గుడ్లు దానియా అమ్మా?"

శ్రీరామ్మూర్తి ముట్టీ ముట్టని కంచం ముందునుంచి లేచి బయటికెళ్ళిపోయాడు. కొడుకు మాత్రం లేవలేదు, తినా లేదు.

ఆదిలక్ష్మమ్మ ఇంకో కంచంలో అన్నం పెట్టి, దాని మీద ఆ ముక్క పెట్టి, కూతురి ముందుంచి, తనూ ఎదురుగా చతికిలబడింది. "తిను. నువ్వు తినీదాకా నాను నెగను," అంది. ఉద్యోగం ఎలాగూ పోయింది. ఇప్పుడు తింటే వచ్చేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

చిలకమ్మ అన్నకేసి చూడకుండా తల బాగా వంచుకుని ముక్క మీద చెయ్యి వేసింది. తోక ముక్కని చిదిపినట్టే దాన్నీ బొటనవేలితో చిదిపింది. పెద్ద ముల్లొకటి విడిగా ఊడొచ్చింది. దాన్ని పక్కన పెట్టి మళ్ళీ వెతికింది. పొర పొరా విప్పి, వేళ్ళ మధ్య నలిపి, దీపం వైపు పట్టి చూసింది. నోట్లో పెట్టుకోడానికి ధైర్యం చాలక మళ్ళీ నలిపింది. అన్ని సంవత్సరాలు చేప తిన్న పిల్ల, చివరికి తలెత్తి తల్లిని అడిగింది.

"ఇందల సన్నముళ్ళు నేవేటమ్మా?"

"నేవే," అంది ఆదిలక్ష్మమ్మ. "తిను."